నెత్తుటి బొట్టు రాలకుండా

ఈసారి లోయిస్‌కి మగపిల్లాడేననీ, కడుపు అలా ముందుకి పొడుచుకొచ్చిందంటే ఇంక అనుమానమే అక్కర్లేదనీ, పుట్టీ పుట్టగానే వాడికి జెఫర్సన్ అని పేరు పెట్టడానికి మొగుడు ఏసా తన పార్టీ పెద్దలకి మాట ఇచ్చేశాడనీ, ఆ పేరు పెట్టినందుకు రాజధాని నుంచి వెండిగిన్నె ఒకటి రాబోతోందనీ డార్కస్ బార్న్స్ పిండిమర దగ్గర చెప్పిందట. పిండిమర ఆయన పెళ్ళాం ఆ మాట మోసుకొచ్చి హల్దా చెవిలో వేసి, "కన్నతల్లివి, నీకు చెప్పలేదూ?" అని బుగ్గలు నొక్కుకుంది. చెప్పలేదు. కూతురి నోట ఏ మాటైనా విని ఏడాది దాటింది. ఇప్పుడా డార్కసే ఎదురుగుండా, లోయిస్ వంటింట్లో, లోయిస్ పొయ్యి పక్కన, లోయిస్ కుర్చీలో కాళ్ళు చాపుకుని మేజోడు అల్లుకుంటోంది. దాని పక్కన ఊళ్ళో ఆడంగులంతా. గోడవారన ముక్కాలిపీట మీద, పిలవని పేరంటానికి వచ్చినదానిలా హల్దా. తలుపవతల చిన్నగదిలో లోయిస్ మూలిగింది. అల్లే సూదులన్నీ ఒక్కసారి ఆగాయి. "ఇంకా టైముంది," అని డార్కస్ తల ఊపింది. సూదులు మళ్ళీ కదిలాయి. నువ్వెవతివే చెప్పడానికి, అనుకుంది హల్దా, నువ్వెవతివే నా కూతురి నొప్పులకి లెక్క కట్టడానికి.

నొప్పులు మొదలవగానే మొగుడు గుర్రమెక్కి ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళని పిలుచుకు రావడం ఈ పార్మిలీ కొండ మీద తాతల నాటి రివాజు. మొదటి పిలుపు పురిటాలి తల్లికి. ఆ తర్వాతే మంత్రసానికైనా పాదిరమ్మకైనా. వెనక కూచుని, కూతుర్ని ఒళ్ళోకి లాక్కుని, చంకల కింద చేతులు వేసి పట్టేది తల్లి; తల్లి లేనిదానికే పరాయి ఒడి. హల్దాకి హల్దా తల్లి పట్టింది, ఆవిడకి వాళ్ళమ్మ పట్టింది, ఇంగ్లండు నుంచి ఓడ దిగిన ముసలమ్మకి మాత్రమే ఎవరూ లేక ఓడ కళాసీ పెళ్ళాం పట్టిందని ఇంట్లో చెప్పుకునేవాళ్ళు. ఇవాళ పొద్దున్న ఏసా గుర్రం కొండ దిగి, బార్న్స్ వాళ్ళ గుమ్మం ముందు ఆగి, పిండిమర దగ్గర ఆగి, పాదిరిగారింటి ముందు టోపీ తీసి చేత పట్టుకుని మరీ ఆగి, ఆఖరికి తమ గేటు దగ్గరికి వచ్చింది. ఏసా దిగలేదు. "అత్తయ్యగారూ, లోయిస్ మిమ్మల్ని పిలవమనలేదు. నేనే పిలుస్తున్నాను. వస్తే రండి, లేకపోతే మీ ఇష్టం," అన్నాడు. మెత్తగా అన్నాడు. ఆ మెత్తదనానికే ఒళ్ళు మండింది. పోయినసారి జరిగినదానికి నాలుగు తిట్టి, గేటుని ఓ తన్ను తన్ని వెళ్ళినా బాగుండేది. మంచివాడు. మంచివాడు కాబట్టే కొత్త ప్రభుత్వం పోస్టుమాస్టరు పని ఇచ్చింది, మంచివాడు కాబట్టే ఊరంతటికీ చుట్టమయిపోయాడు, మంచివాడు కాబట్టే వాడి మొహం చూడలేక చేతి పిండి కడుక్కోకుండా వచ్చి ఈ ముక్కాలిపీట మీద పడింది తను. గోళ్ళ సందున ఎండిన పిండి ఇప్పుడు పొట్టులా రాలుతోంది.

బల్ల మీద పురిటి రొట్టెలు. నొప్పులు సాగినంతసేపూ వచ్చిన ఆడవాళ్ళు తింటూ తాగుతూ ఉండడానికి చేసే తియ్యరొట్టెలు, షాజీరా వేసినవి, బెల్లప్పాకం పోసినవి, పాదిరమ్మగారు తెచ్చినదాంట్లో అయితే ఎండుద్రాక్ష కూడా. పక్కన బీరు జాడీ. ఎవరి రొట్టె ముందు అయిపోతుందా అని ఓరకళ్ళతో ఒకరినొకరు చూసుకోవడం. తినండమ్మా, తినండి. పోయిన ఏడాది జనవరిలో, దాని పోయిన పురుటికి, మీ పొయ్యిలన్నీ ఆరిపోయాయా? మీ షాజీరా అయిపోయిందా? గుమ్మం పక్క కొయ్యలకి అందరి తలటోపీలూ వేలాడుతున్నాయి. ఎండకి వెలిసిన గుడ్డల మీద, ఒక్కోదానికి చెవి పైన, గుండ్రంగా వెలవని మచ్చ. అది నల్ల రిబ్బను కుచ్చు ఉండే చోటు. ఆడమ్స్ పక్షం ఆడవాళ్ళం మేము అని మూడేళ్ళు ఆ కుచ్చు పెట్టుకుని బజారు ఏలారు. మార్చినెలలో ఆడమ్స్ ప్రెసిడెంటు గద్దె దిగి జెఫర్సన్ ఎక్కగానే ఒక్కోటే ఊడింది. ఎవరూ చూడకుండా ఊడదీశామనుకున్నారు, మచ్చ సంగతి మర్చిపోయారు. హల్దా టోపీ మీద కుచ్చు ఇంకా ఉంది. పార్టీ మీద ప్రేమ కాదు, పాడు కాదు. ఊళ్ళో అందరూ తీశారని తను కూడా తీయడమంటే ఒళ్ళుమంట. పెట్టమన్నప్పుడు పెట్టింది చాలదూ?

కిటికీ బయట, పూత మీదున్న ఆపిల్ చెట్టు కింద, మగవాళ్ళు నవ్వుతున్నారు. అందులో జేరెడ్ నవ్వు, తన మొగుడి నవ్వు, తెలుస్తూనే ఉంది; ముప్ఫై ఏళ్ళుగా పక్కలో వింటున్న గురకకి అది పగటి రూపం. పోస్టు గుర్రాలకి దాణా తనే ఇస్తానని అడగడానికి వచ్చాడు, కూతురి పురుడని రాలేదు. పాదిరిగారి గొంతు మాత్రం చర్చి వేదిక మీదున్నా చేతిలో ఆపిల్ సారా ఉన్నా ఒకటే శ్రుతి. "చరిత్ర తిరగెయ్యండి జేరెడ్‌గారూ, ఏ దేశంలోనైనా గద్దె చేతులు మారిందంటే నెత్తురు ఏరులై పారింది. మన దగ్గర చూడండి. ఆడమ్స్‌గారు దిగారు, జెఫర్సన్‌గారు ఎక్కారు, ఒక్క నెత్తుటి బొట్టు రాలిందా? ఇది దేవుడి కృప కాకపోతే ఇంకేవిటి?" "ఆమెన్," అన్నాడు జేరెడ్. ఏసా ఏమన్నాడో వినపడలేదు, గ్లాసులు తగిలిన చప్పుడు మాత్రం వినపడింది.

జెఫర్సన్‌గారట! పోయినేడు వేదిక మీద ఆ పేరు ఉచ్చరిస్తే నాలుక మైలపడుతుందని "ఆ నాస్తికుడు" అనేవాడు కదూ ఈయన? ఆ "గారు" ఎప్పుడొచ్చి అతుక్కుంది? ఉత్తరాల సంచి చర్చి పెద్ద డీకన్ కొట్లోంచి ఏసా టోపీల కొట్లోకి మారిన రోజునా? ఒక్క బొట్టు రాలలేదట. చూశావా, ఎంత నున్నగా వస్తోందో మాట. బొట్టంటే నీకు తెలుసా అయ్యా? బొట్టు ఎక్కడ రాలుతుందో, గడ్డి పరుపులోంచి కిందికి దిగి నేలచెక్క సందుల్లో ఎలా ఇంకుతుందో, బూడిద పోసి రుద్దినా వానాకాలంలో ఎలా మళ్ళీ పైకి తేలుతుందో, ఏ వేదిక మీద చెప్పావు? ఆ తలుపు అవతల, ఇప్పుడు మీ ఆవిడ కాళ్ళు పెట్టి నిలబడ్డ చోటే, పోయినేడు రాలింది. కుండెడు రాలింది. యుద్ధమైతే లెక్కకొచ్చేది. గద్దె కింద రాలితేనే నెత్తురు, గడ్డి మీద రాలితే తడి.

ఎక్కడ మొదలైంది ఇదంతా, ఒక టోపీ దగ్గర. ఏసా కుట్టిన ఎర్ర ఉన్ని టోపీ. జెఫర్సన్ పక్షం వాళ్ళు నలుగురు కలిసి నిటారైన చెట్టు మాను ఒకటి నరికి, చెక్కు తీసి, నాలుగు రోడ్ల కూడలిలో స్వేచ్ఛాస్తంభమని పాతారు, దాని కొసన ఆ టోపీ తొడిగారు. ఒక కర్ర, ఒక టోపీ. కాకి వాలి రెట్ట వేస్తే ఎవరూ పట్టించుకోకపోదురు. దానికి ఊరు రెండుగా చీలింది. జేరెడ్ గొడ్డలి తీసుకుని వెళ్ళాడు నరకడానికి. అల్లుడు కుట్టిన టోపీ కదయ్యా అంటే, "అల్లుడు లేదు గిల్లుడు లేదు, ఇది దేశం సంగతి," అన్నాడు. అంత దేశం ఎప్పుడు పుట్టిందో ఆయన కడుపులో! ఆ ఆదివారం పాదిరిగారు అపొస్తలుడి మాట తీశారు, అటువంటి వాళ్ళతో కలిసి భోజనమైనా చేయవద్దని. మర్నాడు పాదిరమ్మగారు ఆడవాళ్ళందర్నీ ముందు గదిలో కూచోబెట్టి, టీ పోసి, ఎర్రటోపీ వాళ్ళ గడప తొక్కేది లేదని చేతులెత్తించింది. టీ వేడిగా ఉంది. కప్పులు పల్చగా, అవతలి చెయ్యి కనపడేంత పల్చగా ఉన్నాయి. అటువంటి కప్పుతో తాగడం హల్దాకి అదే మొదలు. కప్పు కిందపెట్టి చెయ్యి ఎత్తింది. డార్కస్ అయితే రెండు చేతులూ ఎత్తింది, పోటీ లాగ.

చెయ్యి ఎత్తినప్పుడు లోయిస్‌కి ఏడో నెల. గడప తొక్కకపోవడమంటే ఏ గడపో ఎవరికి తోచింది? టీకి పిలవం, భోజనాలకి పిలవం, ఆదివారం పలకరించం, అంతే అనుకుంది. తర్వాత మంచు పడింది. మోకాటి లోతు మంచులో పొద్దున్నే ఏసా వచ్చాడు. అప్పుడూ ఇల్లిల్లూ తిరిగే వచ్చాడు. కాకపోతే అప్పుడు మొదట తమ ఇంటికే వచ్చాడు, మళ్ళీ ఆఖరున తమ ఇంటికే వచ్చాడు. బార్న్స్ వాళ్ళ ఆవు ఈనుతోందట. పిండిమర ఆవిడకి నడుం పట్టేసిందట. పాదిరమ్మగారికి పడిశం. ఎన్ని గుమ్మాలో అన్ని రోగాలు ఆ పూట. తను తలుపు వెనకే ఉంది. పైదుప్పటి అంగీ ఒక భుజం మీద వేసుకుని, రెండో చెయ్యి ఇంకా దూర్చకుండా, తలుపు వెనక నిలబడి ఉంది. జేరెడ్ తలుపు జానెడు తెరిచి, "ఆవిడకి ఒంట్లో బాగులేదు," అన్నాడు. తలుపు సందులోంచి ఏసా కనుబొమల మీద మంచు కనపడింది. అప్పుడు రెండో చెయ్యి కూడా దూరిస్తే ఏమయ్యేది? జేరెడ్ కాళ్ళు విరగ్గొట్టేవాడా? ఆయన కోడిపిల్ల మీదైనా చెయ్యెత్తి ఎరగడు. పాదిరిగారు శపించేవాడా? శపించనీ. ఎందుకు ఆ భుజం మీదిది కూడా తీసి కొయ్యకి తగిలించింది? ఎందుకు వెళ్ళి పొయ్యి మీద పులుసు కలియబెట్టింది? ఆ రోజు పులుసులో ఉప్పు సరిగ్గా సరిపోయిందని కూడా గుర్తుంది, ఛీ. ఆ గుర్తుని ఊడదీసి పొయ్యిలో పారెయ్యాలనిపిస్తుంది.

వాగు అవతల బాప్టిస్టుల మంత్రసాని బేతియా ఒక్కతే వచ్చిందట. రెండు రోజుల తర్వాత ఏసా తమ కిటికీ ముందు నుంచి నడిచి వెళ్ళాడు, చంకలో టోపీల పెట్టె పెట్టుకుని. ఊళ్ళో ఎవరికో టోపీ ఇవ్వడానికి వెళ్తున్నాడనుకుంది మొదట. పల్చటి చెక్క పెట్టె, లోపల టోపీ అటూ ఇటూ కదలకుండా ఉన్ని కుక్కుతాడు వాడు. చర్చి గంట కొట్టలేదు. ఈ ఊళ్ళో ముసలి గొర్రెల కాపరి పోయినా కొడతారు గంట. జేరెడ్ కిటికీ వైపు చూసి, మొహం తిప్పుకుని, గొడ్డలికి పదును పెట్టుకున్నాడు. అప్పటికి ఆ గొడ్డలికి నరకడానికి కర్రలేం మిగిలాయని?

లోపల లోయిస్ ఈసారి మూలగలేదు, పళ్ళు కొరికిన చప్పుడు. చిన్నప్పుడూ అంతే, దెబ్బ తగిలితే ఏడ్చేది కాదు, కొరికేది. తేనెటీగ కుట్టినప్పుడు తన మణికట్టు కొరికింది. మచ్చ ఉండాలి. హల్దా చెయ్యి తిప్పి చూసుకుంది, మచ్చ లేదు, ముడతల్లో కలిసిపోయింది. "పంచదార గిన్నె ఇటు అందుకో వదినా," అంది డార్కస్. తనతోనే. వదినట! హల్దా అందివ్వలేదు. డార్కస్ నొచ్చుకోకుండా లేచి తనే తీసుకుంది. దీనికి సిగ్గు లేదు, దానికి మందు లేదు. ఇదే కదూ మొన్న చలికాలంలో ఓట్ల లెక్క తేలిన వారం పరిగెత్తుకొచ్చింది, "వదినా వదినా, జెఫర్సన్ సిపాయిలొచ్చేస్తున్నారంట, ఇల్లిల్లూ సోదా చేసి బైబిళ్ళన్నీ పోగేసి కూడల్లో తగలెడతారంట, పాదిరిగారే అన్నారు," అని? అన్నాడు, నిజమే, హల్దా తన చెవులతో విన్నది. పరిశుద్ధ గ్రంథాలు దాచుకోవలసిన రోజులు రానున్నాయని వేదిక మీద బల్ల గుద్ది చెప్పాడు. ఆడవాళ్ళు నమ్మారు. ఒకతె పిండి పీపాలో కప్పెట్టింది, ఒకతె బాతు పొదిగే గూట్లో బాతు కింద పెట్టింది. హల్దా మైనపుగుడ్డలో చుట్టి, బొక్కెనలో పెట్టి, బావిలోకి దింపింది, నీటికి జానెడు పైన. మంచు కరిగి నీళ్ళు జానెడు కాదు, బారెడు లేచాయి. సిపాయిలు రాలేదు. వచ్చింది తపాలా మనిషి ఒక్కడే, వాడికీ జలుబు. బైబిలు పైకి తీస్తే పాలలో నానిన రొట్టెలా ఉబ్బి, వేలు పెడితే దిగబడింది. ఏడుస్తూ పాదిరిగారి దగ్గరికి పట్టుకెళ్తే ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఎంత పిచ్చిదానివి హల్దా! ఎవరు చెప్పారు నీకీ కబుర్లు?"

మీరే. నాలుక చివరిదాకా వచ్చింది. మీరేనయ్యా, బల్ల గుద్ది. చెప్పలేదు. కానీ ఆ నవ్వు చూసినప్పుడు లోపల ఏదో పుటుక్కున తెగింది. ఈయన నమ్మి చెప్పలేదు. ఏ ఒక్కరోజూ నమ్మలేదు. ఈయన బైబిలు ఈయన బల్ల మీద, కిటికీ ఎండలో, హాయిగా తెరుచుకుని ఉంది. నాస్తికుడూ లేడు, సిపాయిలూ లేరు, ఎర్రటోపీ వాళ్ళ గడప మీద పాపమూ లేదు. ఆబోతులు కుమ్ముకుంటే లేగల కాళ్ళు విరిగాయంటారు. అక్కడైనా ఆబోతులు నిజంగా కుమ్ముకుంటాయి, వాటి కొమ్ములకైనా నెత్తురంటుతుంది. ఇవి ఉత్తినే బుసలు కొట్టి, దుమ్ము రేపి, పొద్దుగూకేసరికి ఒకే గాడిలో మూతులు పెట్టాయి. లేగ మాత్రం నిజంగానే పోయింది. టోపీల పెట్టెలో పోయింది.

తలుపు తెరుచుకుని బేతియా బయటికొచ్చింది, మోచేతుల దాకా అంగీ చేతులు మడిచి, మొహమంతా చెమట. "ఒడి కావాలి. ఇంక నిలబడి పనికాదు, కూచోబెట్టాలి." అల్లికలన్నీ కింద పడ్డాయి, అందరూ ఒక్కసారి లేచారు. హల్దా అందరికంటే ముందు లేచింది, పీట వెనక్కి పడిపోయింది. బేతియా ఆవిణ్ణి చూసింది, చూసి కళ్ళు పక్కకి తిప్పుకుని, "బార్న్స్ ఆవిణ్ణి రమ్మంటోంది," అంది.

డార్కస్‌ని. ఊళ్ళో ఎవరూ దొరకనట్టు డార్కస్‌ని. తల్లి లేనిదానికే పరాయి ఒడి. డార్కస్ మేజోడు హల్దా చేతిలో పెట్టి, "కొంచెం పట్టుకో వదినా, కుట్టు జారిపోతుంది," అని లోపలికెళ్ళింది. చేతిలో మేజోడు. పొయ్యి రెండడుగుల దూరంలో. వేసేస్తే? మేజోడు, రొట్టెలు, కొయ్యకి వేలాడే టోపీలు, పాదిరమ్మగారి ఎండుద్రాక్ష, అన్నీ ఎత్తి ఆ పొయ్యిలో వేసేస్తే? బయటికెళ్ళి ఆ సారా కూజా జేరెడ్ నెత్తిన బోర్లిస్తే? పాదిరిగారి గొంతు పట్టుకుని, ఒక్క బొట్టు అనవయ్యా మళ్ళీ, ఈ గుమ్మంలో నిలబడి అను, అంటే? లోపల్నించి కేక. లోయిస్ కేక. ఇంతసేపు కొరికి దాచుకున్నదంతా కలిపి ఒక్క కేక. కిటికీ బయట నవ్వు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ ఎత్తుకుంది, ఏదో కథ మధ్యలో ఆగినట్టుంది. సాగుతోంది. ఎంతసేపు సాగుతోందో. ఎండ బల్ల మీంచి నేల మీదికి దిగింది. హల్దా తొడలు వాటంతటవే బిగుసుకుంటున్నాయి, వదులవుతున్నాయి, కూతురి బరువు మీద పడ్డట్టే.

డార్కస్ గోడ పట్టుకుంటూ బయటికొచ్చి పడింది. "నా వల్ల కాదు తల్లీ, దున్నపోతు బలం దానిది, నా కాళ్ళు చచ్చుబడ్డాయి. ఇంకెవరైనా వెళ్ళండి." వెనకే బేతియా గొంతు, "తొందరగా! తల కనపడుతోంది!" ఈసారి ఎవరూ లేవలేదు. అందరూ హల్దా వైపు చూశారు. హల్దా మేజోడు నేల మీద పారేసి వెళ్ళింది, గుమ్మం దాటింది, ఏ గడపైతే తొక్కనని చెయ్యెత్తిందో ఆ ఇంట్లో ఆ లోపలి గడప కూడా తొక్కింది. చిన్నగది వేడిగా, పచ్చి గడ్డి వాసనతో ఉంది. లోయిస్ పీట అంచున రెండు చేతులూ మంచానికి ఆన్చి ఊగుతోంది. జుట్టు మెడకి అంటుకుపోయింది. ఎంత చిక్కిపోయింది మెడ!

పాదిరమ్మగారు తడిగుడ్డ చేత్తో పట్టుకుని ఇంత మొహం చేసుకుంది. "రా హల్దా, రా రా. చూశావా లోయిస్, ఎవరొచ్చారో? ఇలాంటి వేళ పార్టీలేవిటమ్మా, ఆడదాని నొప్పికి పార్టీ ఉందా? అన్నీ మర్చిపోవాలి. బయట మగాళ్ళే మర్చిపోయి ఎంత చక్కగా కూచున్నారో చూడు."

ఆవిడ మొహం మీద కొట్టే మాట హల్దా గొంతులోకి ఎగదన్నుకుని వచ్చింది. మింగింది. ఇప్పుడు కాదు. పాదిరమ్మగారిని మోచేత్తో పక్కకి నెట్టి, పీట వెనక చేరి, మోకాళ్ళు విడదీసి, చేతులు చాపింది. "నేను పట్టుకుంటాను అమ్మాయ్. నా మీదకి వాలు. అమ్మని. వాలు."

లోయిస్ వాలలేదు. వెనక్కి తిరిగి చూడలేదు. గోడకేసి, ఊపిరికి ఊపిరికి మధ్య, బేతియాతో అంది:

"పోయినసారి నన్ను ఏసా పట్టుకున్నాడు. ఆ నవ్వులాపి లోపలికి రమ్మను."